పదహారడుగుల బల్ల

ముప్పైనాలుగేళ్ళు ఛందస్సు, వ్యాకరణం బోధించి విశ్రాంతి పొందిన తెలుగు పండితుడు, కూర్చొని వ్రాసుకొనే బల్ల గురించి ఇంత పొడవు వ్యాసం వ్రాయవలసిన పని ఏమున్నదని మీకు తోచవచ్చును. నాకూ మొదట అలాగే తోచినది. కాని గడచిన సంవత్సరం మా భైంసాలో ఒక చిన్న కార్యాలయానికి ఉమ్మడి బల్ల ఒకటి చేయించే బాధ్యత నా నెత్తిన పడినది. ఆ నాలుగు నెలలలో బల్లను గురించీ, బల్ల చుట్టూ కూర్చొనే మనుషులను గురించీ నేను నేర్చుకొన్నది నా ఉద్యోగకాలంలో నేర్చుకొన్నదానికి తక్కువేమీ కాదు.

ముందుగా ఆ కార్యాలయం సంగతి. విశ్రాంత ఉపాధ్యాయులం కొందరం కలిసి ఒక గది అద్దెకు తీసుకొన్నాము. పొడవు ఇరవైరెండు అడుగులు, వెడల్పు పదమూడు. పింఛను కాగితాలు సరిచూడడం, ప్రతి ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాలు నింపిపెట్టడం, భర్త పోయిన స్త్రీలకు కుటుంబ పింఛను దరఖాస్తులు వ్రాసిపెట్టడం మా పని. రుసుము లేదు. మధ్యాహ్నం పూట ఆరేడుగురం ఉంటాము. నవంబరు వచ్చినదంటే వరండా నిండిపోతుంది.

మొదట మా గదిలో నాలుగు బల్లలు ఉండేవి, నాలుగూ నాలుగు జాతులవి. ఎవరో ఇంట్లో వద్దనుకొన్నది ఒకటి, వేలంలో కొన్న బడి బల్ల ఒకటి, ఇనుప కాళ్ళ మడత బల్ల ఒకటి. నాలుగవది కార్యదర్శిగారిది. దానికి అద్దం పలక, మూడు సొరుగులు, తాళం. దానిని ద్వారానికి ఎదురుగా వేశారు. వచ్చినవారు సహజంగానే దాని ముందు నిలబడేవారు. నిలబడేవారు అన్న మాట కావాలనే వ్రాశాను. ఎదుట రెండు కుర్చీలు ఉన్నా కూర్చొనేవారు కారు.

ఒకనాడు ఒక వృద్ధురాలు వచ్చినది. కుభీరు వైపు పల్లె. భర్త మాతోటి ఉపాధ్యాయుడే. ఆమె అంతకు ముందు ఒక కార్యాలయంలో మూడు పూటలు బల్ల ముందు నిలబడి వచ్చినది. అది ఏ కార్యాలయమో చెప్పను, అన్నీ ఒకటే. మా గదిలోనూ అలాగే నిలబడినది. నేను "కూర్చో అమ్మా" అన్నాను. ఆమె కుర్చీ వైపు, బల్ల వైపు చూసి, "ఫర్వాలేదు సారూ, నిలబడే చెప్త" అన్నది. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. మేము ఆమెను నిలబెట్టలేదు, బల్ల నిలబెట్టినది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. భైంసా అనగానే మీలో చాలామందికి పత్రికలలో చదివిన వార్తలు గుర్తు వస్తాయి. 2008లో, 2020లో, 2021లో ఈ ఊరి పేరు ఏ కారణంగా పత్రికలకెక్కినదో నేను మళ్ళీ వ్రాయనక్కరలేదు. మా సంఘంలో తెలుగు మాధ్యమం వారు, మరాఠీ మాధ్యమం వారు, ఉర్దూ మాధ్యమం వారు ఉన్నారు. ఇది నేటి కలయిక కాదు. నిజాం కాలంలో మా ముధోల్ తాలూకా నాందేడు జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ముధోల్, భైంసా, కుభీరు ప్రాంతాలు ఇటు ఆదిలాబాదు జిల్లాలో చేరినవి. 2016 నుంచి నిర్మల జిల్లాలో ఉన్నాము. మూడు భాషలు మా బజారులో ఒకే వాక్యంలో వినబడతాయి. అయినా మా గదిలో ఉర్దూ మాధ్యమం మిత్రులు కిటికీ దగ్గర మడత బల్ల చుట్టూ, మేము ఈ మూల, మరాఠీవారు ఆ మూల. ఎవ్వరినీ ఎవ్వరూ పొమ్మనలేదు. నాలుగు బల్లలు ఉన్నవి గనుక నాలుగు గుంపులు అయినవి, అంతే.

అందుచేత నేను ఒకనాటి సమావేశంలో, అందరికీ కలిపి ఒకే పెద్ద బల్ల చేయిద్దాము, తలవైపు గద్దె వంటి స్థానం లేకుండా, సొరుగులు లేకుండా అని ప్రతిపాదించాను. కార్యదర్శిగారికి కోపం వచ్చినది. ఆయన నాకు పాతికేళ్ళ స్నేహితుడు. "పంతులుగారూ, నా బల్ల మీద మీ కన్నెందుకు పడ్డది?" అన్నారు. ఆ కోపం చల్లారడానికి నెల పట్టినది. ఈలోగా చవకగా పెద్ద బల్ల ఎలా దొరుకుతుందో నేను వెదకడం మొదలుపెట్టాను.

అంగడికి పోయాము. ఒక్కొక్కరికి నాలుగడుగుల బల్ల చొప్పున ఎనిమిది తెచ్చి కలిపి వేసుకోమన్నారు. ఒక్కొక్కటి 5,500 రూపాయలు, అంటే 44,000. పైగా అవి చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలు. పైన కాగితపు తొడుగు టేకులాగే మెరుస్తుంది. అంచున ఎక్కడైనా తొడుగు లేచి ఒక గ్లాసు నీళ్ళు ఒలికినవా, పూరీలాగా పొంగుతుంది. పొంగినది మళ్ళీ దిగదు. టీ త్రాగని ఉపాధ్యాయుల సంఘం ఎక్కడైనా ఉంటే వారికి ఆ బల్లలు పనికివస్తాయి. ఎనిమిది బల్లలు కలిపితే ఒక బల్ల కాదన్నది వేరే సంగతి. నెల తిరగకముందే ఎవరి బల్ల వారు నాలుగంగుళాలు వెనక్కు లాక్కుంటారు.

టెంటు హౌసు బల్లలు చూశాము. పెళ్ళిభోజనాలకు సరే, విస్తరి పట్టేటంత వెడల్పు. ఎదురెదురుగా రెండు దస్త్రాలు పట్టవు. మిత్రుడొకరు షాబాదు బండ వేయిద్దామన్నారు. మంచి సలహాయే. మన పల్లె హోటళ్ళలో ఇటుక దిమ్మెల మీద బండ పరచి చేసిన బల్లలు ఎన్ని తరాలు నిలిచినవో అందరికీ తెలుసు. చెద పట్టదు, తడికి చెడదు, ధర తక్కువ. కాని మాది అద్దె గది. ఇల్లుగలవాడు పొమ్మన్ననాడు బండను భుజాన వేసుకొని పోలేము. చలికాలంలో ముంజేతులు ఆన్చితే డెబ్బైయేళ్ళ కీళ్ళు ఊరుకోవు కూడా. సొంత స్థలం ఉన్న సంఘాలవారికి మాత్రం నేను ఇప్పటికీ షాబాదు బండనే సూచిస్తాను.

తలుపుల సంగతీ ఆలోచించాము. అమెరికాలో అమెజాన్ సంస్థ 1995 ప్రాంతంలో సియాటిల్‌లో పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టిన రోజులలో, బల్లలకన్న తలుపులు చవక అని గ్రహించి, తలుపు చెక్కలకు నాలుగు కాళ్ళు బిగించి వాడుకొన్నారట. ఆ సంస్థ ఎంత పెద్దదైనా ఆ తలుపుబల్లల కథను గొప్పగా చెప్పుకొంటూనే ఉన్నది. మన దగ్గరా గీతలు, చెక్కడాలు లేని చదును తలుపులు ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుతో ఏ కలప దుకాణంలోనైనా దొరుకుతాయి. ముగ్గురు నలుగురు పనిచేసే చోటికి ఇంతకంటె మేలైన ఉపాయం లేదు. వెల్డింగు షాపులో రెండు ఇనుప గుర్రాలు చేయించి పైన తలుపు పడుకోబెట్టడమే. ఒక్క పూట పని. మాకు మూడడుగుల వెడల్పు చాలలేదు. ఎదురెదురుగా కూర్చొని ఇద్దరూ కాగితాలు పరచుకోవాలంటే నాలుగడుగులు తప్పదు. రెండు తలుపులు ప్రక్కప్రక్కన వేస్తే ఆరడుగులు అవుతుంది. అప్పుడు ఎదుటివాడికి కాగితం అందించడానికి లేచి వంగవలసి వస్తుంది. బల్ల వెడల్పుకు ఒకటే కొలత: కూర్చొన్నచోటు నుంచి చేయి చాస్తే ఎదుటివాని చేతికి కాగితం అందాలి.

మా జిల్లా టేకుకు పెట్టినది పేరు. టేకు గడ్డ మీద ఉండి అంగడి చెక్కపొట్టు కొనడమా అని నాకు కొంత రోషం కలిగినది. ఆ రోషం తెలుసుకొన్నవాడొకడు ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, సగం ధరకే పచ్చి టేకు ఇప్పిస్తాను, రాత్రికి బండి వస్తుంది, రసీదు అడగవద్దు అన్నాడు. ఈ మాట ఎక్కడినుంచి వస్తుందో మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. కవ్వాల అడవిని 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. ఆ అడవి నుంచి రాత్రి దిగే దుంగకు చవక ధర ఎందుకు ఉంటుందో వేరే చెప్పాలా? పిల్లలకు వృక్షో రక్షతి రక్షితః అని నల్లబల్ల మీద వ్రాసిన చేతితో ఆ బేరం ఎలా ఆడను? నీతి సంగతి ప్రక్కన పెట్టినా పచ్చి టేకు బల్లకు పనికిరాదు. ఆరని కర్ర ఆరుతూ ఆరుతూ మెలితిరుగుతుంది. రెండు వేసవులు గడిచేసరికి బల్ల కాళ్ళు నాట్యభంగిమలో నిలుస్తాయి.

దారి చూపినవాడు వడ్రంగి. మా వైపు వడ్లాయన అంటాము. నా దగ్గరే ఏడవ తరగతి వరకు చదివినవాడు. విభక్తులు రాలేదుగాని చేతిలో విద్య ఉన్నది. "సారూ, కొత్త కర్ర ఎందుకు? పాత ఇండ్లు కూలగొడుతున్నరు గదా. ఆ వాసాలు తెద్దాం" అన్నాడు. నిజమే. పాత బజారులో పెంకుటిండ్లు పడగొట్టి అంతస్తుల భవనాలు లేపుతున్నారు. దూలాలు, వాసాలు, గుమ్మాలు వీధిలో కుప్పలు పడి ఉంటున్నవి. అరవై డెబ్బైయేళ్ళు కప్పు క్రింద ఆరిన టేకు. పైకి చూస్తే పొగచూరి నల్లగా, పురుగు తిన్నట్లు కనబడుతుంది. అతడు ఒక వాసాన్ని బాడిసతో చెక్కి చూపించాడు. అరంగుళం లోపల తేనెరంగు, అప్పటికీ నూనె వాసన. "గిది చేవ సారూ" అన్నాడు.

చేవ అన్న మాట ఎన్నిసార్లు పాఠంలో చెప్పానో! చేవగల మనిషి, చేవచచ్చిన జాతి అని అర్థాలు వ్రాయించాను. చెట్టు నడిమి గట్టి కర్రకు చేవ అని పేరు. ఆ పేరే మనిషి సత్తువకు వచ్చినదని నిఘంటువు చూసి చెప్పినవాడినే. కాని ఆ మాటను చేత్తో తాకడం అరవై దాటిన తరువాత, ఒక శిష్యుని పెరటిలో. చేవకు బయట ఉండే తెల్లకర్రను చెద తింటుంది, చేవను ముట్టదు. పాత వాసం కొనేటప్పుడు ధర ఎంత అని కాక, తెల్లకర్ర పోగా ఎంత మిగులుతుందని అడగాలట. ఇంటివారి దగ్గర కొన్నట్లు ఒక చీటీ వ్రాయించుకోవడం మరువరాదు. ఆ తరువాత ఒక అయస్కాంతం పట్టుకొని కర్ర పొడవునా తడమాలి. తాతల కాలంనాటి మేకు ఒక్కటి లోపల దాగి ఉన్నా రంపపు పళ్ళు ఊడిపోతాయి. మా ఎనిమిది వాసాలలో పదకొండు మేకులు దొరికినవి. ఒకటి మాత్రం అయస్కాంతానికీ చిక్కలేదు, రంపానికి చిక్కినది.

పైపలక దగ్గర మా గురుశిష్యులకు భాష బెడిసినది. "పైన బ్లాకుబోర్డు వేద్దాం సారూ" అన్నాడు. నేను నిర్ఘాంతపోయాను. బ్లాకుబోర్డు అంటే నాకు తెలిసినది నల్లబల్లే. నల్లబల్లను పడుకోబెట్టి దానిమీద దరఖాస్తులు వ్రాయడమేమిటి? తరువాత తెలిసినది: తేలిక కర్ర పట్టీలను వరుసగా పేర్చి, రెండు వైపులా పలుచని చెక్కపొరలు అతికించి చేసే పలకను అలా అంటారు. చెక్కపొట్టు పలకలాగా నడుము వంగదు, బరువు తక్కువ, మేకును గట్టిగా పట్టుకొంటుంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ముప్పావు అంగుళం మందం. రెండు పలకలు పొడవున కలిపితే పదహారడుగులు. మనిషికి రెండున్నర అడుగులు చొప్పున ఒక్కొక్క వైపు ఆరుగురు, రెండు చివర్లా ఇద్దరు, వెరసి పదునలుగురు. పొడవు, వెడల్పులకు మా గది సరిగ్గా సరిపోయినది. బల్లకు రెండు వైపులా మూడేసి అడుగులు మిగలకపోతే కుర్చీ వెనక్కు జరపలేము, నాలుగున్నర మిగిలినది.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. పదహారడుగుల బల్ల ఏకఖండంగా, అతుకు కనబడకుండా ఉండాలని పట్టుబట్టినది నేనే. వడ్లాయన ఏమీ అనలేదు. జేబులోంచి టేపు తీసి మా గది గుమ్మం కొలిచాడు, మెట్ల మలుపు కొలిచాడు, నా వైపు చూశాడు. మాది మేడమీది గది. మూడడుగుల గుమ్మం, మలుపులో మనిషి మాత్రమే తిరిగే చోటు. బల్ల చేయించేవారు ముందుగా కొలవవలసినది గదిని కాదు, గుమ్మాన్ని! అందుచేత రెండు సగాలుగా, కాళ్ళు విడదీసే విధంగా చేశాడు. కాళ్ళ చట్రంలో మాత్రం కర్ర చివరను సన్నగా చెక్కి రెండవదాని బెజ్జంలో దిగగొట్టే పాతపద్ధతి అతుకులే పెట్టాడు. సగానికీ సగానికీ మధ్య నాలుగు బోల్టులు. గది మారిన రోజున ఒక పానా చాలు.

కొలతలలో రెండు మాటలు ముసలివారి కోసం. బల్ల ఎత్తు ముప్పై అంగుళాలు అందరికీ తెలిసినదే. కాని పలక క్రింద ఉండే చట్రం ఎంత లోతు అన్నది ఎవరూ అడగరు. అది ఆరంగుళాలు ఉంటే బల్ల గంభీరంగా కనబడుతుంది, కూర్చొన్నవాని తొడలు మాత్రం నలుగుతాయి. మూడంగుళాలకు మించనివ్వలేదు. కాళ్ళను మూలలో కాక అడుగు లోపలికి జరిపించాము. మూలన కూర్చొనేవాడికి మోకాలి దెబ్బ తప్పినది. మధ్యలో రెండు సగాలు కలిసేచోట మాత్రం కాళ్ళు తప్పలేదు. అక్కడ సన్నగా ఉన్నవారిని కూర్చోబెడుతున్నాము.

ఖర్చు చెప్పకపోతే ఈ టపా ఎవరికీ ఉపయోగపడదు. పలకలు రెండు 6,200 రూపాయలు. పైన అతికించిన సన్మైకా 2,200. పాత టేకు నాలుగు ఘనపుటడుగులు 6,400. వడ్లాయనకు, అతని సహాయకునికి నాలుగు రోజుల కూలి 6,400. బోల్టులు, జిగురు, మెరుగునూనె కలిపి 1,000. మొత్తం 22,200. అంగడివారు చెప్పిన దానిలో సగం. గురుదక్షిణగా కూలి వద్దంటాడేమోనని నేను భయపడ్డాను. అతడు అటువంటి మాటేమీ అనకుండా లెక్క ప్రకారం తీసుకొన్నాడు. నాకు సంతోషం కలిగినది. ఊరికే చేసిన పని ఊరికే చేసినట్లే ఉంటుంది.

కార్యదర్శిగారి అభ్యంతరాలు రెండు, రెండూ సబబైనవే. ఒకటి, సంఘం డబ్బు, చెక్కు పుస్తకం ఎక్కడ పెట్టాలి? సొరుగు లేని బల్ల మీద ఏ కాగితం ఎవరిది? దీనికి ఇనుప బీరువాయే సమాధానం. అది మాకు ఉన్నది. దానిలో ఎవరి అర వారికి. రెండవది, కొన్ని మాటలు పదిమందిలో చెప్పుకోలేరు. కుటుంబ పింఛనులో ఇద్దరు భార్యల తగవు ఉంటుంది, కొడుకు లాక్కొన్న బ్యాంకు పుస్తకం ఉంటుంది. ఉమ్మడి బల్ల దగ్గర అవి పైకి రావు. దీనికి నా దగ్గర జవాబు లేకపోయినది. ఆయన పాత బల్లను, అద్దం పలక తీసివేసి, వరండా చివర తడిక చాటున వేశాము. అటువంటి మాటలు అక్కడ. ఇందులో ఆయనే గెలిచారు. ఆ సంగతి వారానికొకసారి నాకు గుర్తు చేస్తారు.

కొందరు మిత్రులు ఇది వట్టి భావుకత అన్నారు. బల్ల మారితే మనుషులు మారతారా అన్నారు. మారతారని నేను అనలేదు. కాని కూర్చొనే తీరు మారుతుంది. మన గ్రంథాలయాలలో పత్రికల బల్లను చూడండి. పొడవాటి బల్ల, రెండు వైపులా బెంచీలు. కూలిపని చేసుకొనేవాడు, వకీలు, నిరుద్యోగి ఒకే పత్రికలోని వేర్వేరు పుటలు పంచుకొని చదువుతారు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో స్థాపించినది మొదలు తెలంగాణలో గ్రంథాలయోద్యమం ఏమి సాధించినదని ఎవరైనా అడిగితే పుస్తకాలు అని చెబుతాము. నేను బల్లను కూడా ఆ లెక్కలో చేరుస్తాను. ముక్కూముఖం తెలియనివాడి ప్రక్కన కూర్చొని చదివే అలవాటు ఊళ్ళకు అక్కడే వచ్చినది. కచేరీలలో నేర్చుకొన్న అలవాటు దీనికి విరుద్ధం. అక్కడ బల్ల ఒక గోడ, ఆవల అధికారం, ఈవల అర్జీ. మనం సొంతంగా ఏ చిన్న సంఘం పెట్టుకొన్నా ముందుగా ఆ కచేరీ బల్లనే తెచ్చి వేసుకొంటాము. ఇదే నా అభ్యంతరం.

బల్ల వచ్చిన మొదటి వారం ఎవరూ ఎక్కడా కలవలేదు. పదహారడుగుల బల్ల మీద కూడా మూడు దీవులు ఏర్పడినవి. నడుమ ఖాళీ కుర్చీలు. కార్యదర్శిగారు మాట్లాడకుండా నా వైపు చూసి నవ్వారు. కలిపినది బల్ల కాదు, కరెంటు. గదిలో మంచి వెలుతురు పడేది బల్ల నడిమి భాగానికే. మేఘం పట్టిన ఒక మధ్యాహ్నం కరెంటు పోయినది. అక్షరాలు కనబడక అందరం కుర్చీలు లాక్కొని కిటికీకి ఎదురుగా ఉన్న ఆ నడిమి భాగానికి చేరాము. ఉర్దూ మాస్టరుగారు నా ప్రక్కన పడ్డారు. ఆయన కళ్ళజోడు ఇంట్లో మరచిపోయి వచ్చారు. నాది ఇచ్చాను, ఆయనకు సరిపోయినది. అప్పటినుంచి ఆ రెండు కుర్చీలు మారలేదు.

ఒకనాడు ఆయనను అడిగాను: "భాయ్, మా నిఘంటువులో మేజా అన్న మాట ఉన్నది, మీ మేజ్ నుంచి వచ్చినదే కదా?" ఆయన నవ్వి, "పండిత్‌జీ, మేజ్ ఒక్కటేనా తీసుకొన్నారు? మేజ్‌బాన్ ఎక్కడ పోయిండు?" అన్నారు. ఫారసీలో మేజ్‌బాన్ అంటే అతిథిని ఆదరించే గృహస్థు; మేజ్‌బానీ అంటే ఆతిథ్యం. నాకు ఒక్కసారిగా వెలిగినది. మన పెళ్ళిళ్ళలో ఆటపాటల విందుకు మేజువాణి అని పేరు కదా! పాతికసార్లు పాఠం చెప్పిన మాట. బల్లకూ దానికీ బంధుత్వం ఉన్నదని ఏనాడూ తోచలేదు. అచ్చతెలుగు బల్లకు ఆ గౌరవం లేదేమో అని కొంచెం బాధపడి ఇంటికి పోయాను. రాత్రి పడుకొన్న తరువాత బల్లకట్టు గుర్తు వచ్చినది. బాసర దగ్గర గోదావరిని చూస్తూ పెరిగినవాడికి అది ముందే గుర్తు రావలసినది. పలకలు కట్టి, మనిషిని, ఎద్దును, మూటను ఒక్కటిగా ఎక్కించుకొని ఆవలి ఒడ్డుకు చేర్చేది బల్లకట్టు. మరునాడు వెళ్ళగానే ఆయనకు చెప్పాను. "ఖూబ్" అని, తన పుస్తకంలో ఉర్దూ లిపిలో ఆ మాట వ్రాసుకొన్నారు.

దీనివలన ఊరు బాగుపడినదని వ్రాయను. ఊరి గాయాలు ఊరివి, అవి వడ్రంగి పనికి లొంగేవి కావు. పండుగ ఊరేగింపుల రోజులలో మా గదికి కూడా తాళం వేసుకొని ఇళ్ళలోనే ఉంటాము. తాళం తీసిన మొదటి రోజున ఎవరు ముందు వచ్చి ఏ కుర్చీలో కూర్చొంటారా అని లోపల ఒక బెరుకు ఉంటుంది. మొన్నటిసారి ఉర్దూ మాస్టరుగారే ముందు వచ్చి బల్ల తుడుస్తూ ఉన్నారు.

ఆ కుభీరు వైపు అమ్మ మళ్ళీ వచ్చినది. పింఛను మంజూరైనది గాని ఒక నెల బకాయి రాలేదు. లోపలికి వచ్చి కాసేపు తటపటాయించినది. ఎవరి ముందు నిలబడాలో ఆమెకు తెలియలేదు. ద్వారానికి ఎదురుగా ఎవరూ లేరు. అందరం ప్రక్కలకు ఉన్నాము. మరాఠీ మాస్టరుగారు తన ప్రక్క కుర్చీ జరిపారు. ఆమె కూర్చొన్నది. కొంగుముడి విప్పి కాగితాలన్నీ బల్లమీద పరచినది. వాటిలో రేషను కార్డు, కరెంటు బిల్లు, మనుమరాలి మార్కుల చీటీ కూడా ఉన్నవి. మార్కుల చీటీ పింఛనుకు అవసరం లేదు. అయినా పదిమందిమి అది చదివాము. తెలుగులో తొంభైరెండు!

బల్లకు ఒక లోపం మిగిలి ఉన్నది. గది నేల తూర్పు మూలన కొంచెం పల్లం. ఆ వైపు కాలు క్రింద అట్టముక్క మడచి పెట్టాము. అది నెలకొకసారి నలిగిపోతుంది. ఎవరైనా గట్టిగా బల్లగుద్ది మాట్లాడినప్పుడల్లా ఆ చివర ఉన్న టీ గ్లాసులు గలగలమంటున్నవి. వడ్లాయనను పిలిస్తే, జిన్నింగు మిల్లులలో పని పడినది, పత్తి సీజను అయిపోగానే వచ్చి చిన్న ముక్క కొడతానన్నాడు. అంతవరకు బల్ల గుద్దవద్దని కార్యదర్శిగారు ఒక తీర్మానం చేయించారు.